టూరింగ్ క్యారవాన్లు: తయారీల తేడాలు, దెందులూరు దారులకు తగిన ఎంపిక

పడక, వంటగట్టు, మరుగుదొడ్డి అమర్చి, కారు వెనక తగిలించుకుని ఊరూరా తీసుకెళ్లే చక్రాల ఇంటిని టూరింగ్ క్యారవాన్ అంటారు. దానికి సొంత ఇంజను ఉండదు. ఇంజనూ ఇల్లూ ఒకే బండిగా ఉంటే అది మోటారు క్యారవాన్. క్యాంపర్ వ్యాన్, మోటర్ హోమ్ అనేవి దానికే ఉన్న మరి రెండు పేర్లు. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా దేశాల్లో మొదటి రకం విరివిగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కనిపించేవి దాదాపు అన్నీ రెండో రకమే.

ఏలూరు జిల్లా దెందులూరు 16వ నంబరు జాతీయ రహదారికి చేరువలో ఉంది. ఉత్తరాన పెదవేగి, గుంటుపల్లి బౌద్ధ గుహలు, భీమడోలు దగ్గర మలుపు తిరిగితే ద్వారకా తిరుమల. దక్షిణాన కొల్లేటి లంకలు, ఆటపాక పక్షుల కేంద్రం. ఇలాంటి చోట ఉండి క్యారవాన్ కొనదలచినవాళ్లు బండి మీద రాసిన పేరు కన్నా ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. అది ఏ ఛాసిస్ మీద నిలబడింది, గోడలోకి నీరు దిగకుండా ఎలా కట్టారు, పాడైతే ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో చేయి పెట్టగలవాడు ఉన్నాడా అన్నవి ఆ మూడు. తయారీదారు పేరు వీటి తరవాతే వస్తుంది.

పూర్వరంగం

దారిలో బస తమతోపాటే తీసుకెళ్లడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. గూడుబండిలో గడ్డి పరిచి, పైన బొంత వేసి, వంట సామాను బండి కింద వేలాడగట్టి తీర్థాలకు వెళ్లేవారు. విజయవాడ దగ్గర కృష్ణనూ ధవళేశ్వరం దగ్గర గోదావరినీ కలుపుతూ తవ్విన ఏలూరు కాలువలో, రైలు రాకముందు, ప్రయాణికుల పడవలు నడిచేవి. అంతకంటే ముందే ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి పల్లకీ, డేరాలు, పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే మజిలీ మజిలీకీ ఏ ఊళ్లో నీళ్లు బాగున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అన్న ఆరాలే. క్యారవాన్ యజమానికి నేటికీ ఉండే చింతలు అవే.

విహారం కోసమే కట్టించిన తొలి క్యారవాన్‌గా 1885 నాటి ‘వాండరర్’ను చెబుతారు. నౌకాదళ వైద్యుడూ రచయితా అయిన విలియమ్ గోర్డన్ స్టేబుల్స్ కోసం బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ దాన్ని తయారుచేసింది. లాగింది గుర్రాలు. 1907లో బ్రిటన్‌లో క్యారవాన్ క్లబ్బు పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎకిల్స్ సంస్థ కారుకు తగిలించే క్యారవాన్లను అమ్మకానికి పెట్టింది. జర్మనీలో 1931లో తొలి క్యారవాన్ కట్టిన అరిస్ట్ డెత్‌లెఫ్స్‌ది కొరడాలు, మంచు మీద జారే ఆటకు వాడే కర్రలు చేసే కుటుంబం. సరుకు అమ్ముకోవడానికి ఊళ్లు తిరగాలి, భార్యను విడిచి వెళ్లకూడదు. ఆ ఇబ్బంది లోంచి వచ్చిందే ఆ బండి. ఆ దశకంలోనే అమెరికాలో వాలీ బయమ్ ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ పెట్టి, 1936లో విమానం ఒడుపున అల్యూమినియం రేకులకు రివెట్లు కొట్టిన ‘క్లిప్పర్’ను తెచ్చాడు.

తెలుగునాట జనం గుర్తుంచుకున్న చక్రాల ఇల్లు మాత్రం చైతన్య రథమే. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావు పాత షెవర్లే వ్యానును మార్పించుకుని, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగాడు. వ్యాను పైకప్పే ప్రసంగ వేదిక. 1983 జనవరి ఎన్నికల దాకా ఆయన బస, పని, ప్రయాణం చాలావరకు ఆ బండితోనే సాగాయి. క్యారవాన్ల చరిత్ర రాసేవారెవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు గానీ, తీసుకోవాల్సిందే.

ఆ తరవాత సినిమా క్యారవాన్లు వచ్చాయి. అద్దాల చుట్టూ దీపాలు, తోలు సోఫా, ఏసీ, పక్కనే జనరేటరు వ్యాను. ఇవి ఒకచోట నిలబడి ఉండటానికి కట్టినవి, ప్రయాణానికి కావు. వీటిని చూసి మనసు పడి, అదే హంగుతో ఇంటికో బండి కావాలని బాడీ కట్టేవాళ్ల దగ్గరకు వెళ్లేవారు పొరపాటు లెక్క వేసుకుంటున్నారు. పాలరాతి పలక, బరువైన చెక్క అల్మరా, రెండు టీవీలు బండికి అందం తేవచ్చు. స్పీడు బ్రేకరు దాటిన ప్రతిసారీ ఆ బరువు కమాను కట్టల మీద పడుతుంది.

పేర్లు చాలా, యజమానులు కొద్దిమంది

బయటి దేశాల్లో తయారీలు పోల్చేటప్పుడు మొదట తెలుసుకోవాల్సింది ఏ పేరు ఎవరి చేతిలో ఉందన్నది. అమెరికాలోని థోర్ ఇండస్ట్రీస్ 1980లో ఎయిర్‌స్ట్రీమ్‌ను, 2016లో జేకోను కొన్నది. 2019లో జర్మనీకి చెందిన ఎర్విన్ హైమర్ గ్రూపునూ కలుపుకుంది. ఆ గ్రూపులో హైమర్, డెత్‌లెఫ్స్, బ్యుర్స్ట్‌నర్‌తో పాటు ఇంగ్లండులోని ఎల్డిస్ కూడా ఉంది. ఫ్రాన్సులోని ట్రిగానో చేతిలో స్లొవేనియాకు చెందిన ఆడ్రియా ఉంది. జర్మనీలో హరాల్డ్ స్ట్రీవ్‌స్కీ 1967లో మొదలుపెట్టిన హాబీ సంస్థ 1998లో ఫెండ్ట్ క్యారవాన్లను తీసుకుంది. ఫారెస్ట్ రివర్ 2005 నుంచి వారెన్ బఫెట్ పేరుతో వినిపించే బెర్క్‌షైర్ హాథవే ఆస్తి. అందువల్ల దుకాణంలో పక్కపక్కన నిలబడి పోటీ పడుతున్నట్టు కనిపించే రెండు బండ్లు ఒకే యజమానివి కావచ్చు. వాటి మధ్య తేడా సోఫా గుడ్డ రంగులోనో బయటి చారల్లోనో మాత్రమే ఉండవచ్చు.

బ్రిటన్‌లో ప్రధానంగా మూడు పేర్లు వినిపిస్తాయి. బెయిలీ 1948లో బ్రిస్టల్‌లో మొదలైంది. స్విఫ్ట్ 1964లోను, కోచ్‌మన్ 1986లోను హల్ పరిసరాల్లో పుట్టాయి. స్ప్రైట్, ఎకిల్స్ అనే పాత పేర్లు ఇప్పుడు స్విఫ్ట్ గొడుగు కిందివే. ప్రెస్టన్‌లో 1969లో మొదలైన లూనార్ 2019లో దివాలా తీసింది. మంచి బండే చేసేది. కానీ తయారీ సంస్థ మూతపడితే ఆ కొలత కిటికీ, ఆ తలుపు గొళ్లెం కోసం పాత సామాను అంగళ్లు గాలించాలి. కాబట్టి పాత బండి కొనేవారు సంస్థ ఇంకా బతికి ఉందా, విడిభాగాలు దొరుకుతున్నాయా అని చూడటం అనుమానం కాదు, జాగ్రత్త.

మన దారులకు ఏ దేశపు పద్ధతి దగ్గర? వాహనాలు ఎడమవైపు నడిచే బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో క్యారవాన్ తలుపు ఎడమ పక్కన, రోడ్డు అంచు వైపు ఉంటుంది. మనకూ అదే కావాలి. యూరప్ ప్రధాన భూభాగంలోనూ అమెరికాలోనూ తలుపు కుడి పక్కన. అలాంటి బండిని దెందులూరు రోడ్డు పక్కన ఆపి తలుపు తీస్తే పిల్లలు దిగేది లారీలు పోయే వైపుకి. కరెంటు సంగతీ అంతే. బ్రిటన్, ఆస్ట్రేలియా బండ్లు మనలాగే 230 వోల్టులకు కట్టినవి; అమెరికా బండి 120 వోల్టులది, దాని ఏసీ, మైక్రోవేవ్ మన సాకెట్టుకు పనికిరావు. బ్రిటిష్ బండ్లకు మన వేగనిరోధకాలను దాటేంత ఎత్తు లేదు. మంచి రోడ్ల మీద గాలికి ఊగకుండా నేలకు దగ్గరగా కట్టినవవి. ఆస్ట్రేలియా వాళ్లు మట్టిదారుల కోసం, ఎండ కోసం, దుమ్ము కోసం కట్టుకుంటారు. తుప్పు పట్టని పూత వేసిన ఉక్కు చట్రం, చక్రానికి చక్రం విడిగా లేచే సస్పెన్షన్, గుంటల్లో తగలనంత ఎత్తు వాళ్లకు మామూలు. విదేశీ నమూనా చూసి మన దగ్గర కట్టించుకునేవారు ఎక్కువగా బ్రిటిష్ బండ్ల బొమ్మలు పట్టుకుని వస్తుంటారు. చూడాల్సింది ఆస్ట్రేలియా బండ్లను.

మరో మాట. యూరప్ పత్రికల్లో క్యారవాన్‌కు ఇచ్చే మార్కుల్లో సగం చలి గురించే. జర్మనీ ట్రూమా హీటరు ఉందా, స్వీడన్ ఆల్డే వేడినీటి గొట్టాలు ఉన్నాయా అని చూస్తారు. ఏలూరు మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊరు. ఆ మార్కులు మనకు లెక్కలోకి రావు.

గోడ లోపల

క్యారవాన్‌ను చంపేది ప్రమాదం కన్నా తేమ. పాత పద్ధతిలో సన్నని చెక్క చట్రం కట్టి, బయట అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్ వేసి, మధ్యలో థర్మాకోల్ లాంటి పలక కూరేవారు. రేకులు కలిసే చోట అల్యూమినియం పట్టీ పెట్టి స్క్రూలు బిగించి, కింద మాస్టిక్ ముద్ద పూసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ముద్ద ఎండి పగులుతుంది. స్క్రూ రంధ్రంలోంచి చుక్క చుక్కగా దిగిన నీరు చెక్కలోకి ఇంకుతుంది. బయటికి ఏమీ కనిపించదు. కనిపించేసరికి లోపలి చట్రం చేత్తో నలిపితే పొడి అయ్యే స్థితిలో ఉంటుంది. బ్రిటన్‌లో ఏటా సర్వీసింగులో తేమ మీటరుతో గోడ చుట్టూ కొలుస్తారు. 15 శాతం లోపు ఉంటే నిశ్చింత, 20 దాటితే విప్పి చూడాలి.

ఈ తలనొప్పి తగ్గించడానికే తయారీదార్లు చెక్కను తగ్గిస్తూ వచ్చారు. బెయిలీ 2009లో ఆలూ-టెక్ అనే పద్ధతి తెచ్చింది. ఫైబర్ పొరల మధ్య గట్టి ఫోమ్ అతికించిన పలకలను అల్యూమినియం చట్రంలో బిగిస్తారు. బయటి నుంచి గోడకు స్క్రూ రంధ్రాలు తక్కువ. స్విఫ్ట్ కూడా ఆ తరవాతి ఏళ్లలో చెక్కలేని చట్రానికి మారింది. అమెరికాలో స్క్యాంప్, కసిటా లాంటి చిన్న సంస్థలు పడవ తయారీ తరహాలో ఫైబర్‌ను రెండు చిప్పలుగా పోసి అతికిస్తాయి. అతుకు ఒక్కటే కాబట్టి కారే చోటూ ఒక్కటే. ఎయిర్‌స్ట్రీమ్ రివెట్ల అల్యూమినియం అందంగా ఉండి దశాబ్దాలు నిలుస్తుంది. అయితే దాని నేల మాత్రం చాలాకాలం ప్లైవుడ్డే, పాత ఎయిర్‌స్ట్రీమ్‌లలో ముందు కుళ్లేది వెనక మూలన ఆ నేలే.

బెయిలీ వాడిన లాంటి ఫోమ్ పలక మన ప్రాంతానికి తెలియనిది కాదు. భీమవరం పరిసరాల రొయ్యల ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో, మంచు మీద సరుకు మోసే ఇన్సులేటెడ్ వ్యాన్లలో వాడే పఫ్ ప్యానెల్ తత్వం అదే. రెండు పక్కల పొర, నడుమ ఫోమ్. కాబట్టి ఈ ప్రాంతంలో క్యారవాన్ కట్టించుకునేవారు బస్సు బాడీ కట్టేవారి దగ్గరకే కాక, ఇన్సులేటెడ్ బాడీ కట్టేవారి దగ్గరకూ ఒకసారి వెళ్లి పని చూడటం మంచిది. నీరు లోపలే ఉంచడం, వేడి బయటే ఆపడం వాళ్లకు నిత్యకృత్యం. తేడా ఒక్కటుంది. చేపల వ్యానుకు కిటికీలు ఉండవు. గోడ కోసి కిటికీ పెట్టిన ప్రతిచోటా కోసిన అంచు మూసి, ఫ్రేము చుట్టూ సీలెంటు పూసి, పైన నీరు జారే చిన్న చూరు పట్టీ పెట్టాలి. ఆ పట్టీ లేకుండా అద్దం నున్నగా గోడకు సమానంగా పెట్టించుకుంటే చూపుకు బాగుంటుంది. తొలి తుపానుకు లోపల మంచం తడుస్తుంది.

కొల్లేటి గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ మనకు అదనంగా చెదలు. ఇంటి పెరట్లో వర్షాకాలమంతా కదలకుండా నిలబెట్టిన బండికి కింది నుంచి చెదలు పట్టడానికి టైరు, జాకీ, కర్ర దిమ్మె ఏదైనా చాలు. ప్లైవుడ్ తప్పదంటే మెరైన్ రకం వేయించి, కోసిన అంచులకు రంగు పూయించాలి. చాలామంది పైభాగానికి పూయించి అంచులు వదిలేస్తారు.

బరువు లెక్క

కారుకు తగిలించే క్యారవాన్ విషయంలో తయారీ పేరు కన్నా ముందు చదవాల్సింది తలుపు దగ్గర కొట్టిన బరువు పలక. దాని మీద ఖాళీ బరువు, నింపాక దాటకూడని బరువు అని రెండు అంకెలుంటాయి. ఖాళీ బరువు 1,200 కిలోలు, పూర్తి బరువు 1,400 కిలోలు అనుకోండి. మధ్య ఉన్న 200 కిలోలే మీది. వంద లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే అందులో వంద పోయాయి. బ్యాటరీ, గ్యాసు సిలిండరు, బియ్యం, గిన్నెలు, నలుగురి బట్టలు మిగతా వందలో సర్దుకోవాలి. ఖరీదైన తయారీల్లో హంగులు ఎక్కువ కాబట్టి ఈ మిగులు తరచు తక్కువే. ఈ ఒక్క అంకె అడిగితే అమ్మకందారు ఎంత నిజాయితీపరుడో కూడా తెలిసిపోతుంది.

బ్రిటన్‌లో కొత్తగా లాగేవారికి చెప్పే సూత్రం ప్రకారం, నింపిన క్యారవాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటకూడదు. 1,800 కిలోల కారైతే 1,530 కిలోలు. కొక్కెం మీద పడే బరువు క్యారవాన్ పూర్తి బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. అమెరికా వాళ్లు 10 నుంచి 15 శాతం చెబుతారు. వెనక బరువు ఎక్కువైతే క్యారవాన్ తోకలా ఊగడం మొదలుపెడుతుంది. జాతీయ రహదారి మీద పక్కనుంచి ఓల్వో బస్సు దూసుకుపోయినప్పుడు పడే గాలి దెబ్బకు ఆ ఊపు కారునూ లాక్కుపోగలదు. ఊగుతున్నప్పుడు బ్రేకు తొక్కకూడదు, ఆక్సిలరేటరు వదిలి స్టీరింగు నిటారుగా పట్టుకోవాలి. బరువైనవి ఇరుసు మీదకి సర్దాలి.

ఇండియాలో అసలు చిక్కు కారు దగ్గర మొదలవుతుంది. కారుతో ఇచ్చే పుస్తకంలో లాగే సామర్థ్యం రాసి ఉందో లేదో ముందు చూడాలి. రాయని కారుకు హుక్కు వెల్డింగు చేయించుకుని రోడ్డెక్కితే వారంటీ, బీమా రెండూ వివాదంలో పడతాయి. ఆ పని కోసమే అయితే ఛాసిస్ మీద కట్టిన పికప్ మేలు. ఇసుజు డీ-మ్యాక్స్ తయారయ్యేది తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే, 2016 నుంచి. టొయోటా హైలక్స్ 2022లో మన మార్కెట్టుకు వచ్చింది.

ఇక కొల్లేటి గట్ల మీద లాగుడు క్యారవాన్ ఎంత పనికొస్తుందన్నది వేరే ప్రశ్న. లంక గ్రామాల దారుల్లో చాలావాటికి రెండు పక్కలా చెరువులే. ఎదురుగా చేపల లారీ వస్తే వెనక్కి పోవాలి. తగిలించిన బండిని వెనక్కి నడపాలంటే స్టీరింగును కావాల్సిన వైపుకు కాకుండా ఎదుటి వైపుకు తిప్పి, బండి మళ్లడం మొదలవగానే వెంటనే సరిచేయాలి. క్షణం ఆలస్యమైతే కారూ క్యారవానూ కత్తెరలా మడుచుకుంటాయి. ఈ విద్య మన ప్రాంతంలో ట్రాక్టరు డ్రైవర్లకు పుట్టుకతో వచ్చినట్టుంటుంది. ధాన్యం ట్రక్కును కళ్లంలోకి ఒక్క ఊపున వెనక్కి పెట్టే కుర్రాడిని రెండు గంటలు పక్కన కూర్చోబెట్టుకుంటే ఏ పుస్తకమూ నేర్పనిది నేర్పుతాడు.

మన దగ్గర దొరికేవి

దేశంలో మోటారు క్యారవాన్లు ఎక్కువగా కొద్ది ఛాసిస్‌ల మీదే కట్టబడుతున్నాయి. అన్నిటికన్నా విరివిగా ఉన్నది ఫోర్స్ ట్రావెలర్. పుణెకు చెందిన ఫోర్స్ మోటార్స్, బజాజ్ టెంపోగా ఉన్న రోజుల నుంచీ, మెర్సిడెస్ వ్యాను నమూనా మీద తయారుచేస్తూ వస్తున్న బండి. పెళ్లిళ్లకు, శబరిమలకు, తిరుపతికి అద్దెకు తిరిగేది ఇదే కాబట్టి క్లచ్ ప్లేటు, బేరింగు, అద్దం ఏది కావాలన్నా ఏలూరులో దొరుకుతాయి. తెలియని మెకానిక్కు లేడు. మామూలు కుటుంబానికి నేను మొదట చూపే బండి ఇదే. దాని లోపాలూ చెప్పాలి. డిజైను పాతది, ఇంజను చప్పుడు లోపలికి వినిపిస్తుంది, వెనక సస్పెన్షన్ ఖాళీ బండిలో గట్టిగా కొడుతుంది.

అదే సంస్థ 2022-23లో తెచ్చిన అర్బేనియా అన్నివిధాలా సుఖమైన బండి. అది మోనోకాక్, అంటే బాడీయే చట్రం. గోడకు కోత పెట్టేముందు ఎక్కడ కోయవచ్చో తెలిసినవాడు కావాలి. టాటా వింగర్ కూడా మోనోకాకే. 2007లో వచ్చిన ఆ బండి పాత రెనో ట్రాఫిక్ నమూనా నుంచి పుట్టింది. ముందు చక్రాలు తిప్పే బండి కాబట్టి నేల తక్కువ ఎత్తులో, చదునుగా ఉంటుంది. పెద్దవాళ్లు ఎక్కి దిగడం తేలిక. కానీ వెనక నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి పెట్టి బరువంతా వెనక్కి పోతే వాన బురదలో ముందు చక్రాలు పట్టు తప్పుతాయి. కొల్లేటి దారులకు వింగర్ తీసుకునేవారు ట్యాంకును నడుమకు పెట్టించుకోవాలి.

పెద్ద బండి కావాలంటే మద్రాసు దగ్గర ఒరగడంలో తయారయ్యే భారత్‌బెంజ్ బస్సు ఛాసిస్ ఉంది. కేరళ 2021లో క్యారవాన్ పర్యాటకం మొదలుపెట్టినప్పుడు తొలిగా దిగిన బండి దీని మీద కట్టిందే. ఆ ఏడాదే మహారాష్ట్ర కూడా క్యారవాన్ విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో తన విధానం తెచ్చింది. చిన్న బండి వైపు, మహీంద్రా 2022లో బొలేరో క్యాంపర్ గోల్డ్ పికప్ మీద క్యాంపర్ల కోసం ఐఐటీ మద్రాసులో పుట్టిన క్యాంపర్‌వ్యాన్ ఫ్యాక్టరీతో ఒప్పందం చేసుకుంది. బాడీ కట్టేవారిలో పంజాబ్ వైపు జేసీబీఎల్, పుణె వైపు పినకిల్ పెద్ద పేర్లు. బెంగళూరు లక్స్‌క్యాంపర్ అద్దెకు ఇస్తుంది. కొనాలనుకునే వాళ్లు ముందు అలా అద్దెకు తీసుకుని రెండు రాత్రులు గడిపితే, తమకు అసలు క్యారవాన్ కావాలో వద్దో కూడా తేలిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ, బస్సు బాడీలు కట్టే పనివాళ్లకు ఈ పని చేతకాదని కాదు. చిక్కు కాగితాల దగ్గర. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. దాని కింద పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదించిన నమూనా అయితే రిజిస్ట్రేషను సాఫీగా సాగుతుంది. లేకపోతే బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి సమాధానం చెప్పుకోవాలి. అందుకే బాడీ కట్టేవారిని మొదట అడగాల్సింది సోఫా రంగు కాదు, ఆమోద పత్రం. సొంత వాడకానికి పెట్టుకునే క్యాంపర్ వ్యానును లేదా ట్రెయిలరును కేంద్రం 2004 నవంబరు నోటిఫికేషన్‌లో రవాణాయేతర వాహనాల కింద చేర్చింది. అద్దెకు తిప్పితే సంగతి మారుతుంది, పసుపు ప్లేటు, పర్మిట్టు, ఎఫ్.సి. అన్నీ వస్తాయి.

ఏసీ, గ్యాసు, దోమలు

దెందులూరులో వేసవి రాత్రి బండిలో పడుకోవాలంటే ఏసీ తప్పదు. టన్ను ఏసీ నడుస్తున్నంతసేపు సుమారు ఒక కిలోవాటు లాగుతుంది. 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది రెండున్నర యూనిట్లు. అంటే ఒక బ్యాటరీతో తెల్లవారదు. పైన 400 వాట్ల సోలార్ పలకలు పెట్టినా రోజుకు రెండు యూనిట్లు రావడం గొప్ప. ‘సోలార్ మీద రాత్రంతా ఏసీ’ అని చెప్పే తయారీదారుని ఎన్ని బ్యాటరీలు, ఎంత బరువు అని అడగాలి. మంచి సమాధానం బయటి కరెంటు తీసుకునే సాకెట్టు, పొడవైన మందపు తీగ, ఎర్త్ లీకేజి బ్రేకరు. సత్రమో హోటలో అడిగితే ప్లగ్గు ఇవ్వడానికి అభ్యంతరం చెప్పేవారు తక్కువ.

గ్యాసు విషయంలో ఇంటి 14.2 కిలోల సిలిండరు ఎక్కించుకోవడం అలవాటుగా జరిగిపోతోంది. బండికి 5 కిలోల చిన్న సిలిండరు సరి. ఎల్పీజీ గాలి కన్నా బరువు, కారితే నేల మీద పరుచుకుంటుంది. యూరప్ తయారీల్లో సిలిండరు గూటికి అడుగున తెరిచి ఉన్న రంధ్రాలు పెడతారు. మన దగ్గర దుమ్ము వస్తుందని, ఎలుకలు వస్తాయని వాటిని మూసేస్తుంటారు. దుమ్ము రాకుండా సన్నని జల్లెడ బిగించవచ్చు, మూత పెట్టకూడదు.

దోమల సంగతికి వస్తే యూరప్ కిటికీలతో పాటు చుట్టుకుపోయే దోమతెర వస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ దాని పక్క గాడిలో అగ్గిపుల్ల పట్టేంత సందు ఉన్నా కొల్లేటి ఒడ్డున రాత్రి నిద్ర ఉండదు. పైకప్పు గాలి కిటికీకి, మరుగుదొడ్డి వెంటిలేటరుకు కూడా జాలీ ఉందేమో లోపల దీపం వేసి బయటి నుంచి చీకట్లో చూస్తే వెంటనే తెలుస్తుంది.

కొల్లేరుకు వెళ్లాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. గూడబాతులు ఆటపాకలో గూళ్ల మీద ఉంటాయి, ఏసీ అవసరమూ తగ్గుతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన సరస్సు ఇది. మరుగుదొడ్డి పెట్టెను గట్టు పక్కన ఒలకబోయడం నేరమే కాదు, అసహ్యం కూడా. పెట్టె రకం మరుగుదొడ్డి అయితే ఊళ్లోని సెప్టిక్ ట్యాంకు దాకా చేత్తో మోసుకుపోవచ్చు. బండి కింద బిగించిన పెద్ద ట్యాంకు అయితే ఖాళీ చేసే చోటు వెతుక్కోవాలి. అందుకే మన దగ్గర పెట్టె రకమే నయం. వర్షాకాలంలో లంకల వైపు బండి తిప్పకూడదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు ఒకేసారి కొల్లేటికి చేరితే దారి ఏదో చెరువు ఏదో తెలియదు. 2024 సెప్టెంబరు వరదల్లో ఆ దారుల్లో రాకపోకలు నిలిచిపోయాయి.

ప్రవాసంలో

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో ఎల్లోస్టోన్ వంటి చోట్లకు ఆర్వీ, అంటే మోటారు క్యారవాన్, అద్దెకు తీసుకోవడం మామూలైంది. అక్కడ ‘క్లాస్ సి’ అంటే ఫోర్డ్ వంటి వ్యాను ముందుభాగం మీద, డ్రైవరు తల పైకి వచ్చే పడక ఉన్న బండి. పిల్లలకు ఆ పడకే కావాలి. ‘క్లాస్ బి’ అంటే స్ప్రింటర్, ప్రోమాస్టర్ వంటి వ్యానులోనే కట్టిన ఇల్లు. ఇద్దరికి సరి, అమ్మమ్మ తాతయ్యలు వస్తే ఇరుకు. మన వంటకు ముఖ్యమైనది పొగ బయటికి లాగే ఫ్యాను. తాలింపు వాసన గుడ్డ సోఫాలోకి పట్టిందంటే అద్దె సంస్థ శుభ్రం చేసే ఖర్చు వేస్తుంది. స్టవ్వును బయట పెట్టుకునే తయారీలు అందుకే మనవాళ్లకు నచ్చుతాయి. బ్రిటన్‌లో 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా ట్రెయిలరు లాగవచ్చు. దానితో కొత్తగా క్యారవాన్ కొనే దారి తెరుచుకుంది. ఆస్ట్రేలియాలో జేకో పెద్ద పేరు. అది 1975లో మెల్‌బోర్న్ వైపు గెరీ రయన్ మొదలుపెట్టింది. అమెరికా జేకో యాజమాన్యంతో సంబంధం లేదు.

పాత బండి కొనేటప్పుడు

ఎండలో కాకుండా వాన పడిన మర్నాడు చూడటానికి వెళ్లాలి. లోపలికి అడుగుపెట్టగానే బూజు వాసన వస్తే మిగతాది చూడనక్కర్లేదు. వాసన లేకపోతే మూలల్లో, కిటికీ కింద, మరుగుదొడ్డి గోడ అడుగున బొటనవేలితో నొక్కాలి. మెత్తగా దిగితే లోపల కుళ్లింది. నేల మీద గట్టిగా అడుగులు వేస్తూ నడవాలి. ఒకచోట స్పంజిలా ఊగితే పొరలు విడిపోయాయని అర్థం. టైర్లలో గాడి నిండుగా ఉందని మోసపోకూడదు. క్యారవాన్ టైరు తిరిగి అరగదు, నిలబడి పగులుతుంది. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ‘1419’ అంటే 2019లో పద్నాలుగో వారంలో చేసింది. ఆర్.సి. బుక్కులో బండి రకం, సీట్ల సంఖ్య, రంగు ఎదురుగా ఉన్నదానితో సరిపోలాలి. వ్యానుగా రిజిస్టరై లోపల మంచాలు వేసి ఉంటే బేరం ఎంత చవకైనా దాని అసలు ధర ఆర్టీవో ఆఫీసులో తేలుతుంది.